ఒళ్లు నొప్పులకు లాక్టిక్ ఆమ్లం ఎట్లా దోషి అయింది

ఇంక్లైన్ బాయి, అంటే వాలుగా తవ్విన బొగ్గు గని, దిగడం సులువు, ఎక్కడం కష్టం. తెలంగాణలోని నస్పూర్, శ్రీరాంపూర్ గనుల చుట్టుపక్కల ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. మనుషులను లోపలికీ బయటికీ చేరవేసే మ్యాన్ రైడింగ్ ఏర్పాట్లు రాకముందు కార్మికుడు టోపీ లైటు పెట్టుకుని, వాలు వెంబడి లోపలికి నడిచిపోయి, షిఫ్టు దిగాక అదే వాలు ఎక్కి బయటపడాల్సిందే. ఎక్కేటప్పుడు రొప్పు వస్తుంది, గుండె దడదడలాడుతుంది, నడుమ ఎక్కడో ఒకచోట నిలబడి ఊపిరి తీసుకోక తప్పదు. దిగేటప్పుడు ఈ అవస్థ ఏదీ ఉండదు. అందుకే కొత్తగా పనిలో చేరినవాడికి మరునాడు తొడలు పట్టేసి, మంచం మీంచి లేవడానికే పాట్లు పడాల్సి వస్తే, నేరమంతా ఎక్కుడు మీదికి పోతుంది. కండరాల గురించి గత నూట ఇరవై ఏళ్లలో తేలింది మాత్రం దీనికి తలకిందులుగా ఉంది. రొప్పించేది ఎక్కుడే, సందేహం లేదు. మరునాడు తొడలను నొప్పించేది ముఖ్యంగా దిగుడు. అప్పటికప్పుడు వచ్చే అలసట వేరు, తెల్లారి వచ్చే నొప్పి వేరు. ఈ రెండింటినీ కలిపేసి, రెండింటికీ ఒకే కారణం అంటగట్టడం వల్ల పుట్టినవే మన అపోహల్లో చాలామటుకు.

ఆ ఒకే కారణం పేరు లాక్టిక్ ఆమ్లం. జిమ్ముకు పోయే కుర్రాడిని అడిగినా, పోలీసు ఉద్యోగానికి గ్రౌండులో చెమటోడుస్తున్న అభ్యర్థిని అడిగినా, వాళ్లకు శిక్షణ ఇచ్చే వారిని అడిగినా ఇదే జవాబు వస్తుంది: కండరాల్లో యాసిడ్ చేరింది, అది కరిగేదాకా నొప్పి ఉంటుంది, కరగాలంటే మాలిష్ చేయాలి, వేన్నీళ్లు పోసుకోవాలి, మెల్లగా ఇంకో రెండు రౌండ్లు కొట్టాలి. వినడానికి పద్ధతిగానే ఉంటుంది. ఈ వాదం పుక్కిటి పురాణమూ కాదు. ఒకప్పుడు పెద్ద పెద్ద ప్రయోగశాలల్లోంచే బయటికొచ్చింది, దీనికి దగ్గరి పరిశోధనకు నోబెల్ బహుమతి కూడా దక్కింది. పుట్టిన చోట అది కొద్ది ఏళ్లకే వీగిపోయింది. ఆ వీగిపోవడంలో ఒక తెలుగువాడి చెయ్యి ఉందన్న సంగతి తెలుగునాట గ్రౌండుల్లో వినబడదు.

లాక్టిక్ ఆమ్లాన్ని మొదట పట్టుకున్నది పులిసిన పాలలో. 1780లో స్వీడన్‌లో మందులు తయారుచేసే కార్ల్ షీలే దాన్ని వేరుచేశాడు. తర్వాత పాతికేళ్లు దాటాక, 1807 ప్రాంతంలో, అదే దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ దాన్ని జంతువుల మాంసంలో చూశాడు. వేటలో తరిమి తరిమి అలసిపోయిన దుప్పి కండరాల్లో అది ఎక్కువగా ఉంటుందని ఆయన భావించాడని తర్వాతివాళ్లు రాశారు. ఆ కథ ఎంత నిజమో గానీ, ముద్ర మాత్రం గట్టిగా పడిపోయింది. అలసటా, ఆమ్లమూ ఒకే వాక్యంలోకి వచ్చి చేరాయి. దానికి ప్రయోగాల బలం దొరికింది 1907లో. కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్స్ అనే ఇద్దరు కప్ప కండరాలను కోసి తీసి, విద్యుత్తు తగిలించి అలసిపోయేదాకా ముడుచుకునేలా చేశారు. ప్రాణవాయువు అందకపోతే లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుందని, ప్రాణవాయువు అందిస్తే తగ్గిపోతుందని చూపించారు. కొలతలో వాళ్లు తీసుకున్న జాగ్రత్త గొప్పది. కాకపోతే ఒక్క విషయం మరిచిపోకూడదు: ఆ కండరానికి రక్తం లేదు, వెనక గుండె లేదు, పైన మెదడు లేదు, దాని మీద జరిగిన పనీ చల్లటి ఉష్ణోగ్రత దగ్గరే. శరీరం నుంచి తెగిపోయిన ముక్క మీద తేలిన నిజాన్ని, తట్టా చెమ్మాస్ (పార) పట్టి ఎనిమిది గంటలు బొగ్గు నింపే మనిషికి అట్లాగే తగిలించడం దగ్గరే చిక్కు మొదలైంది.

కండరం వేడిని ఎట్లా పుట్టిస్తుందో కొలిచిన ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఎ.వి. హిల్‌కు, ప్రాణవాయువు ఖర్చుకూ లాక్టిక్ ఆమ్లానికీ ఉన్న లెక్కను తేల్చిన జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆటో మేయర్‌హాఫ్‌కు కలిపి 1922 సంవత్సరపు నోబెల్ ఇచ్చారు. అప్పటి అవగాహనలో లాక్టిక్ ఆమ్లం కేవలం వ్యర్థం కాదు. కండరాన్ని ముడిచే యంత్రమే అది. ఆమ్లం పుడితే కండరం ముడుచుకుంటుంది, తీసేస్తే వదులవుతుంది, తీయలేనంత పేరుకుంటే అలసిపోతుంది. పరుగు ఆగాక కూడా మనిషి రొప్పుతూనే ఉండడాన్ని హిల్ 'ప్రాణవాయువు అప్పు' అన్నాడు: పరుగులో చేసిన అప్పును ఆగాక ఊపిరితో తీరుస్తున్నాడన్నమాట. ఇంత చక్కగా అమరిన సిద్ధాంతాన్ని నమ్మకుండా ఉండడం కష్టం.

దానికి మొదటి గండి పడ్డది ఒక సీసాలో నీలిరంగు ఆలస్యంగా రావడం వల్ల. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేసేవాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫేట్ ఎంతుందో కొలవడానికి ఇద్దరూ కలిసి ఒక పద్ధతి కనిపెట్టి 1925లో ప్రకటించారు. ద్రవంలో మాలిబ్డేటు కలిపితే నీలిరంగు తేలుతుంది, రంగు చిక్కదనాన్ని బట్టి ఫాస్ఫేట్ లెక్క తెలుస్తుంది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో జీవరసాయన శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ అది తెలుసు. కండరం నుంచి తీసిన ద్రవంతో ఈ పరీక్ష చేస్తే మాత్రం రంగు రావాల్సిన వేగంతో రాలేదు, నింపాదిగా చిక్కబడుతూ పోయింది. ఇంకొకరైతే మందు పాతదైందనుకుని సీసా పారబోసేవారు. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండరంలో ఫాస్ఫేట్ విడిగా లేదు, క్రియాటిన్‌తో జతకట్టి ఉంది, పరీక్షలో వేసిన ఆమ్లానికి ఆ జత మెల్లగా విడిపోతోంది, అందుకే రంగు ఆలస్యమవుతోంది అని తేల్చారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ లోకానికి తెలిసింది. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరుగుతుంది. అదే ఏడు ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఇదే పదార్థపు జాడ కనిపెట్టారు. రెండేళ్లకు, 1929లో, కండరానికి నేరుగా శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం బయటపడింది. మేయర్‌హాఫ్ ప్రయోగశాలలోని లోమాన్ ఒకవైపు, ఫిస్క్, సుబ్బారావులు ఇంకోవైపు, ఎవరికి వారుగా కనుక్కున్నారు.

దీంతో లాక్టిక్ ఆమ్లానికి సింహాసనం పోయింది. 1930లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఐనర్ లుండ్స్‌గార్డ్ మిగిలిన పని పూర్తిచేశాడు. ఆమ్లం తయారు కాకుండా ఆపేసే విషం పెట్టిన కండరాలు కూడా కొంతసేపు ముడుచుకుంటూనే ఉన్నాయి, ఫాస్ఫోక్రియాటిన్ ఖర్చవుతూ పోయింది. ఆమ్లం చుక్క కూడా పుట్టకుండానే కండరం అలసి బిగుసుకుపోయింది. తన సిద్ధాంతం కూలిపోవడాన్ని హిల్ దాచుకోలేదు. 1932లో కండరాల శాస్త్రంలో వచ్చిన విప్లవం గురించి తానే వ్యాసం రాశాడు. నోబెల్ తెచ్చిపెట్టిన కాలపు నమ్మకం పదేళ్లు తిరగకుండానే చెల్లని నాణెమైతే దాన్ని నలుగురిలో ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఈ మొత్తం వరసలో సుబ్బారావుకు దక్కాల్సిన పేరు దక్కలేదన్న మాట మనవాళ్లు తరచూ అంటారు, నిజమే. ఆయన పేరు చెప్పి గర్వపడే చోట కూడా ఆయన పని కూలగొట్టిన నమ్మకమే ఇంకా చలామణీలో ఉండడం అంతకన్నా విచిత్రం.

శాస్త్రం వదిలేసిన మాట జనంలో ఎందుకు నిలిచింది? ఒకటి, అందులో సగం కంటికి కనబడుతుంది. తెలంగాణ పోలీసు నియామకాల్లో మగ అభ్యర్థులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాలన్న నిబంధన 2022లో ఉంది. చివరి రౌండులో తొడలు భగ్గున మండుతాయి. ఆ క్షణంలో రక్తం తీసి చూస్తే లాక్టేట్ పెరిగే ఉంటుంది, కండరంలో ఆమ్లగుణం కూడా పెరిగే ఉంటుంది. మరునాడు తొడలు నొప్పిపెడితే మనసు ఆ మంటకూ ఈ నొప్పికీ ముడి వేసేస్తుంది. గంట, గంటన్నర దాటేసరికి లాక్టేట్ మామూలు స్థాయికి దిగిపోతుందని, గుండె, ఇతర కండరాలు దాన్ని ఇంధనంగా వాడేసుకుంటాయని మనకు కనబడదు కదా. నొప్పి గట్టిగా పట్టుకునేది 24 నుంచి 72 గంటల మధ్య. అప్పటికి ఇంట్లో లేనివాడి మీద దొంగతనం మోపినట్టే ఇది.

ఈ తేడాను ఆనాడే ఒకాయన చెప్పాడు. అమెరికాలో థియోడర్ హఫ్ వేళ్లతో బరువులు లాగించే యంత్రం మీద ప్రయోగాలు చేసి 1902లోనే, అంటే ఫ్లెచర్, హాప్కిన్స్‌ల కన్నా ఐదేళ్లు ముందే, నొప్పులు రెండు రకాలని రాశాడు. పని చేస్తుండగానే వచ్చి పోయేది ఒకటి. గంటల తర్వాత మొదలై రోజులు ఉండేది ఇంకొకటి. ఇది కండరం లోపల ఏవో పోగులు తెగడం వల్ల కావచ్చునన్నాడు. ఆమ్లం ధాటికి ఆ మాట మరుగున పడింది. 1952లో లండన్‌లో ఒక తమాషా ప్రయోగం జరిగింది. రెండు సైకిళ్లను వెనకా వెనకా గొలుసుతో కలిపి, ఒకరు ముందుకు తొక్కుతుంటే ఇంకొకరు ఆపుతూ కూర్చోవాలి. ఇద్దరి మీదా పడే బలం ఒకటే. ఆపేవారికి ఖర్చయిన ప్రాణవాయువు తొక్కేవారితో పోలిస్తే చాలా తక్కువ. కండరం పొట్టిదవుతూ లాగే పనికీ, సాగుతూనే పట్టు వదలకుండా అడ్డుకునే పనికీ ఉన్న తేడా ఇది. 1956లో డెన్మార్క్‌లో ఆస్ముస్సెన్ ఒక మెట్టు మీదికి ఎప్పుడూ ఒకే కాలితో ఎక్కించి, ఎప్పుడూ రెండో కాలితోనే దింపించాడు. ఎక్కిన కాలు అలసింది, దిగిన కాలు మరునాడు నొప్పి పెట్టింది. 1983లో ముగ్గురు నలుగురు పరిశోధకులు కలిసి దీన్ని పరుగుకు పెట్టి చూశారు. చదునులో 45 నిమిషాలు పరిగెత్తినవారి రక్తంలో లాక్టేట్ పెరిగింది, మరునాడు నొప్పి లేదు. వాలులో కిందికి పరిగెత్తినవారికి లాక్టేట్ పెద్దగా పెరగలేదు, నొప్పి మాత్రం బాగా పట్టుకుంది. లాక్టిక్ ఆమ్లం కేసు కొట్టేయడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇంక్లైన్ దిగేటప్పుడు జరిగేదీ ఇదే. ప్రతి అడుగుకూ ఒంటి బరువు కిందికి జారిపోకుండా తొడ ముందుభాగపు కండరం బ్రేకు వేస్తుంది. మోకాలు మడుస్తున్నందున అది సాగుతుంటుంది, బరువును ఆపాలి గనుక బిగుసుకునీ ఉంటుంది. ఆయాసం లేకపోవడం వల్ల మనం దాన్ని పనిగానే లెక్కబెట్టం. నిండిన తట్టను ఎత్తడంకన్నా దాన్ని మెల్లగా కిందికి దింపడంలో, కర్ర దిమ్మెను భుజం మీంచి ఆపుకుంటూ నేల మీద పెట్టడంలో ఉన్నదీ ఇదే రకం శ్రమ. స్వీడన్‌లో ఫ్రిడెన్ బృందం 1980ల మొదట్లో మెట్ల మీంచి పదే పదే కిందికి పరిగెత్తించిన మనుషుల కండరాల తునకలు తీసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూస్తే, పోగుల నడుమ ఉండే అడ్డగీతలు వంకరలు తిరిగి, అక్కడక్కడ చెదిరిపోయి కనిపించాయి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అయితే కండరం చిరిగిందన్నమాట, నొప్పి ఎంతుంటే అంత చిరిగిందన్నమాట, అంటే అంత బాగా కసరత్తు చేసినట్టే కదా అని. ఒక అపోహను తీసి దాని స్థానంలో ఇంకోదాన్ని కూర్చోబెట్టడమే ఇది. నొప్పి తీవ్రతకూ కండరానికి జరిగిన చెరుపుకూ పొంతన సరిగా కుదరదని తర్వాతి పరిశోధనలు మళ్లీ మళ్లీ చూపించాయి. చెరుపు తర్వాత వచ్చే వాపు, కండరాన్ని చుట్టి ఉండే పొరలు, నరాల సున్నితత్వాన్ని పెంచే రసాయనాలు అన్నీ కలిసి ఈ నొప్పిని తెస్తాయి. పైగా ఒకసారి ఇట్లా నొప్పి పుట్టించిన పనినే వారం పది రోజులకు మళ్లీ చేస్తే నొప్పి చాలా తగ్గుతుంది. ఆ రక్షణ వారాల తరబడి ఉంటుంది. కారుణ్య నియామకంలో తండ్రి స్థానంలో చేరి, అప్పటిదాకా పుస్తకాలు తప్ప మోయని కుర్రాడు మొదటి వారం కుంటుతూ, మూడో వారానికి మామూలుగా నడిచేది అందుకే. బలం పెరుగుతూనే ఉంటుంది, నొప్పి లేకుండానే. నొప్పి లేనిదే ఫలితం లేదనే మాట నిజమైతే పాతికేళ్ల సర్వీసున్న కోల్ ఫిల్లర్‌కు కండే ఉండకూడదు. కొత్తవాడి కుంటు చూసి 'ఒళ్లు వంచనోడు' అని నవ్వేవాళ్లు కూడా ఆ మొదటి వారం దాటి వచ్చినవాళ్లేనన్నది వాళ్లకే గుర్తుండదు.

రెండో ఆక్షేపణ ఇంకొంచెం బరువైంది. పరుగులో మంట ఉత్తిదేనా, ఆమ్లానికి ఏ పాపమూ లేదా? ఉంది, కొంత. పని జరుగుతుండగా పేరుకునే హైడ్రోజన్ అయాన్లు (ఆమ్లగుణం ఇచ్చేవి ఇవే), లాక్టేటు, ఏటీపీ మూడూ కలిస్తే కండరంలోని నొప్పి నరాలు మేలుకుంటాయని ఇటీవలి ప్రయోగాలు చెబుతున్నాయి; విడివిడిగా ఇస్తే అంత ప్రభావం లేదు. కనుక ఆ క్షణపు మంటలో ఆమ్లానికి వాటా ఉంది. బలం తగ్గిపోవడంలో మాత్రం దాని వాటా ఒకప్పుడు అనుకున్నంత లేదు. చల్లటి ఉష్ణోగ్రతలో ఆమ్లం కండరాన్ని బాగా నీరసపరుస్తుంది, శరీరపు వేడికి దగ్గరగా పరీక్షిస్తే ఆ ప్రభావం చాలావరకు కరిగిపోతుంది. 2001లో డెన్మార్క్‌లో జరిగిన ప్రయోగంలోనైతే, పొటాషియం పేరుకుని నీరసించిన కండరానికి లాక్టిక్ ఆమ్లం వేస్తే బలం తిరిగొచ్చింది. ఇప్పుడు గట్టిగా అనుమానిస్తున్నది ఇంకోదాన్ని: ఫాస్ఫోక్రియాటిన్ విడిపోయినప్పుడు మిగిలే ఫాస్ఫేట్‌ను. అంటే హార్వర్డ్‌లో ఆ నీలిరంగుతో కొలిచిన పదార్థాన్నే.

అలసట అంతా కండరంలోనే ఉందనుకోవడమూ పొరపాటే. ఇటలీలో ఆంజెలో మోస్సో 1891లో అలసట మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. విద్యార్థులను గంటల తరబడి మౌఖిక పరీక్షలు చేసిన తర్వాత ఆచార్యుడి వేలు ఎత్తగల బరువు తగ్గిపోయిందని అందులో చూపాడు. వేలు ఏ పనీ చేయలేదు, అలసింది మెదడు. వరుసగా నైట్ షిఫ్టులు చేసి, పగలు రేకుల క్వార్టర్‌లో నిద్రపట్టక దొర్లినవాడి నీరసానికి కండరంలో ఆమ్లం వెతకడం దండుగ. ఏళ్ల తరబడి నడుమొంచి టబ్బులు నింపిన కార్మికుడి వెన్నునొప్పి, ఎస్‌డీఎల్ (బొగ్గు ఎత్తిపోసే యంత్రం) మీద కుదుపులకు పట్టేసిన నడుము కూడా ఈ కోవలోకి రావు. అవి మూడు రోజుల్లో పోయే కసరత్తు నొప్పులు కావు, కీళ్లకూ డిస్కులకూ సంబంధించినవి. వాటిని 'ఒళ్లు నొప్పులే, తగ్గుతై' అని కొట్టిపారేస్తే మెడికల్ బోర్డు దాకా పోయేది అవే.

బొగ్గు గనులకు దగ్గరి ముచ్చట ఇంకొకటుంది, అది కండరాలు పట్టేయడం. వేడి గనుల్లో చెమటోడ్చి, నీళ్లు మాత్రం కడుపారా తాగే ఇంగ్లండు కార్మికులకు పొట్టలో, కాళ్లలో కండరాలు ముడుచుకుపోయి విలవిల్లాడడం మీద మాస్ అనే శాస్త్రజ్ఞుడు 1923లో పత్రం వెలువరించాడు. చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాకుండా ఉత్త నీళ్లే చేరడం దానికి కారణమని, నీళ్లలో కాస్త ఉప్పు కలిపితే తగ్గిందని చూపించాడు. ఎండాకాలం ఓపెన్‌కాస్టు దగ్గర పనిచేసేవాళ్లకు ఉప్పేసిన మజ్జిగ, గంజి ఎందుకు నప్పుతాయో చెప్పడానికి ఇది చాలు. అట్లాగని పిక్క పట్టిన ప్రతిసారీ ఉప్పు తక్కువైందనుకోవద్దు. చెమట పట్టకుండా అలసిన కండరం నరాల తడబాటుతోనూ ముడుచుకుంటుంది. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు జోలికి పోయేముందు డాక్టరును అడగడం మేలు.

మరి మందు మాటేమిటి? మాలిష్‌తో నొప్పి కొంత నెమ్మదిస్తుంది; అది హాయివల్ల వచ్చే ఉపశమనం, అప్పటికి లేని ఆమ్లాన్ని అది పిండి తీయలేదు. కండరాలు సాగదీసే వ్యాయామం ముందు చేసినా తర్వాత చేసినా నొప్పిలో తగ్గేది 100 మార్కుల కొలత మీద ఒక మార్కుకు అటూ ఇటుగా మాత్రమేనని 2011లో అనేక పరిశోధనలను కలిపి చూసినవాళ్లు తేల్చారు. ఇక షిఫ్టు దిగాక ఒళ్లు నొప్పులకని వేసే పెగ్గు సంగతి. నొప్పి తెలియకుండా చేస్తుంది, నిజం. న్యూజిలాండ్‌లో జరిగిన పరీక్షలో మాత్రం దిగుడు రకం శ్రమ తర్వాత మద్యం తాగినవారి కండరాల బలం, తాగనివారికన్నా ఎక్కువ పడిపోయింది. నిద్ర చెడుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది. నొప్పి మందుగా దాన్ని చెప్పుకునేవాళ్లకు అది కావాల్సింది వేరే కారణానికి. కొత్తవాళ్లకు, సెలవుల తర్వాత పనికొచ్చినవాళ్లకు నిజంగా పనిచేసేది ఒక్కటే. మొదటి రోజే పూర్తి బరువుకు దిగకుండా, దిగుడు పనిని రోజురోజుకూ కొంచెం పెంచుకుంటూ పోవాలి. గ్రౌండులో పిల్లలకు శిక్షణ ఇచ్చేవారు మొదటి రోజే వందల కొద్దీ గుంజిళ్లు తీయించడం మానాలి. అలవాటు లేని ఒంటితో అంతటి శ్రమ, అదీ ఎండలో చేస్తే, అరుదుగానైనా కండరం పెద్ద ఎత్తున చెదిరి దానిలోని రంగు పదార్థం రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీల్లోకి చేరుతుంది. నొప్పి మామూలుకన్నా ఎక్కువై, కండరం వాచి, మూత్రం డికాషన్ రంగులో పడితే ఇది కసరత్తు నొప్పి కాదు. నొప్పి మాత్రలు మింగకుండా, మాలిష్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఆ స్థితిలో కొన్ని రకాల నొప్పి మాత్రలు కిడ్నీలకు ఇంకా చేటు చేస్తాయి.